నోటిమాట మీద వెళ్ళిన పెట్టె

ఆ ఏడు గవర్నరు ఎన్నిక మా సత్రంలోనే జరిగింది. హెమ్లాక్ క్రీక్ మొత్తానికి కారని పైకప్పులు రెండే, చర్చిదీ మాదీ. చర్చిలో పులిసిన ఆపిల్ సైడరు పోయరు కాబట్టి జనం మా దగ్గరికే మొగ్గారు. మా ఆయన నాథన్ అదంతా తన గొప్పే అన్నట్టు తిరిగాడు. మూడు రోజులు నేల మీద బురద కడిగింది మాత్రం నేను.

వంద పౌండ్ల విలువ చేసే సొంత భూమి ఉన్న మగవాడికే గవర్నరు ఓటు. కాగితం ముక్క మీద పేరు రాసి, మడిచి పెట్టెలో వేయాలి, పక్కవాడికి కూడా తెలియకూడదు అని చట్టం. మా వాళ్ళు ముందు బల్ల దగ్గర కూర్చుని, రెండు గ్లాసులు పట్టించి, ఎవరికి వేస్తున్నారో ఊరంతా వినేలా అరిచి, ఆ తర్వాత రహస్యంగా మడిచేవాళ్ళు. మిగతా ఊళ్ళలోనూ ఇదే తంతు, ఆ కబుర్లన్నీ మా సత్రానికే చేరేవి. అందుకే పెట్టె తెరవకముందే మా జిల్లాలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో నాకు తెలుసు. నాలుగు వందల పైచిలుకు ఓట్లలో వాన్ హోర్డెన్‌కి పడినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఎల్డ్రిడ్జ్‌కే. వాన్ హోర్డెన్ అప్పటికే గవర్నరు, మూడోసారి నిలబడ్డాడు. ఎల్డ్రిడ్జ్ నది దిగువ పట్నంలో పేరున్న లాయరు.

ఆ మూడు రోజులూ మా వాకిట్లో ఒక మనిషి నిలబడి ఉంది. కెజియా మార్ష్. ఆడదానికి ఎలాగూ ఓటు లేదు. బతికున్న రోజుల్లో ఆమె మొగుడికీ లేదు, వాళ్ళది కౌలు భూమి. లోపలికి వెళ్ళే ప్రతివాడి ముఖంలోకీ చూసి, "మా అసాని గుర్తుంచుకో" అనేది. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు, ఏడవలేదు. పాతికేళ్ళ స్నేహం మాది, ఆ మూడు రోజులూ నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

అసా ఆమెకి ఒక్కగానొక్క కొడుకు. ఇరవై నిండలేదు. అంతకుముందు చలికాలం భూస్వామి గుమాస్తా వాళ్ళని కౌలు పొలం నుంచి వెళ్ళగొట్టి, తల్లినీ కొడుకునీ మంచులో నిలబెట్టాడు. వీడు వెళ్ళి ఆ గుమాస్తా గడ్డికొట్టానికి నిప్పు పెట్టాడు. లోపల ఎవరూ లేరనుకున్నాడు. అటక మీద ఒక పాలేరు నిద్రపోతున్నాడు. చెయ్యి కాల్చుకుని బయటపడ్డాడు, ఇవాళ్టికీ శుభ్రంగా తిని తిరుగుతున్నాడు. కానీ మనిషి పడుకున్న కప్పుకు నిప్పు పెడితే మా రాష్ట్రంలో ఉరే. జూలై నెల రెండో శుక్రవారం అని కోర్టు చెప్పేసింది.

ఆ ఉరి ఆపగలిగేది గవర్నరు ఒక్కడే. ఊరందరం సంతకాలు పెట్టి పంపిన అర్జీని వాన్ హోర్డెన్ తిప్పికొట్టాడు. ఆయనకీ భూములున్నాయి, ఆయన కొట్టాల్లోనూ గడ్డి ఉంది. ఎల్డ్రిడ్జ్ మాత్రం నలుగురిలో నిలబడి, ప్రాణం పోని నేరానికి ప్రాణం తీయడం తన చేతుల మీదుగా జరగదని అన్నాడు. కొత్త గవర్నరు పదవిలోకి వచ్చేది జూలై ఒకటిన. ఎల్డ్రిడ్జ్ గెలిస్తే అసా బతుకుతాడు. ఓడితే లేదు. కెజియాకి ఆ ఎన్నికంటే అంతే. దేశం ఎటు పోవాలి, పన్నులెవరు కట్టాలి అని మగవాళ్ళు మా బల్లలు గుద్ది అరుచుకున్నదంతా ఆమె చెవికెక్కలేదు.

జిల్లా ఊళ్ళ ఓట్లన్నీ షెరీఫ్ జోథమ్ పెల్ దగ్గరికి చేరాయి. ఆయన వాటిని ఒక పైన్ చెక్క పెట్టెలో పోసి, తాడు కట్టి, లక్క ముద్ర వేశాడు. మే నెల ఆఖరి మంగళవారంలోగా దాన్ని రాజధానిలో అప్పగించాలి. లేకపోతే మా జిల్లా ఓట్లు వేయనట్టే. పెల్ మంచివాడే. మాట మీద నిలబడే మనిషి. పని మాత్రం ఎప్పుడూ రేపటికి వాయిదా వేస్తాడు. ఈసారీ అలాగే తాత్సారం చేసి చేసి చివరికి బయల్దేరాడు. ఊరి చివర దుంగల వంతెన మీద గుర్రం కాలు జారింది. పెట్టెకి ఏమీ కాలేదు. పెల్ కాలు మోకాలి కింద రెండుగా విరిగింది.

మోసుకొచ్చి మా బల్ల మీదే పడుకోబెట్టారు. ఎముకలు కట్టే ముసలాడు కాలు లాగుతుంటే పెల్ తోలు పట్టీ కొరుకుతూ చెమటలు కక్కాడు. ఆయన కింద పనిచేసే ఉప షెరీఫ్ చలికాలంలోనే కొత్త భూములు వెతుక్కుంటూ పడమటికి వలసపోయాడు. అతని స్థానంలో ఇంకొకణ్ణి వేసుకోవడం కూడా రేపటి పనే అయింది. ఇప్పుడు పెట్టె ఎవరు తీసుకెళ్ళాలి? మొక్కజొన్న విత్తే రోజులు, నదులన్నీ పొంగి ఉన్నాయి. ఎల్డ్రిడ్జ్‌కి జై కొట్టి గొంతులు పోగొట్టుకున్న మగవాళ్ళందరూ నేల చూపులు చూశారు. చివరికి మా నాథన్ నీళ్ళు నములుతూ, తప్పదంటే తను వెళ్తానన్నాడు. దారిలో ఎన్ని సత్రాలున్నాయో నాకు తెలుసు, కెజియాకీ తెలుసు.

"నేను తీసుకెళ్తా," అంది కెజియా.

ఎవరో పక్కున నవ్వారు. ఆమె వాళ్ళ వంక తిరగలేదు. "నా బిడ్డ ప్రాణం అందులో ఉంది. ఇంకొకరి చేతికి ఎలా ఇస్తాను? నువ్వే చెప్పు షెరీఫ్," అంది.

మా దగ్గర భూమి అమ్మితే అమ్మేవాడు ఆ పొలంలో ఒక పచ్చిక పెళ్ళ, ఒక పుల్ల తీసి, ఇరుగుపొరుగు చూస్తుండగా కొనేవాడి చేతిలో పెడతాడు. అంతటితో భూమి చేతులు మారినట్టే. పందులు పట్టేవాణ్ణీ, కంచెలు చూసేవాణ్ణీ ఊరి సమావేశంలో నోటితోనే వేసుకుంటాం. ఒకరి మాట మీద ఇంకొకరు కాగితం అడిగితే అది తిట్టు కింద లెక్క. పెల్ మోచేతి మీద లేచి, కెజియా కుడిచెయ్యి పట్టుకుని పెట్టె తాడు మీద పెట్టాడు.

"అందరూ చూడండి. ఇక్కణ్ణించి ఇది నా చెయ్యి," అన్నాడు.

ఇరవై మంది చూశారు. ఎవరూ నవ్వలేదు. ఆ క్షణాన మా అందరికీ అది చర్చిలో ప్రమాణం కన్నా గట్టిగా అనిపించింది. పక్క గదిలోనే మా లెక్కల బల్ల మీద సిరా ఉంది, ఈక కలం ఉంది. రెండు పంక్తులు రాయాలని ఒక్కడికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

బండి మాది, గుర్రం మాది, కాబట్టి తోలింది నేను. బయల్దేరే ముందు కెజియా జైలుకు వెళ్ళి కిటికీ కమ్మీల్లోంచి అసాకి చెప్పింది. వాడు పెట్టెని చూపించమన్నాడట. బండి దాకా వచ్చి, పెట్టె ఎత్తుకుని వెళ్ళి చూపించింది. వాడు కమ్మీల్లోంచి చెయ్యి చాపి దాన్ని ముట్టుకున్నాడు.

దారి గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నడుము నొప్పి. ఇరుసుల దాకా బురద. రెండుసార్లు బండి కూరుకుపోతే నేను దిగి చక్రం కింద కొమ్మలు పేర్చాను. కెజియా మాత్రం పెట్టె కింద పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకునే తిన్నది, ఒళ్ళో పెట్టుకునే కునుకు తీసింది. వాన వస్తే తన శాలువా తీసి దానికి కప్పి, తను తడిసింది. కాసేపు నాకివ్వు, చేతులు చాచుకో అంటే, ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపమంతా గుర్రం మీద చూపించాను.

పెద్ద నది దగ్గర పడవవాడు రానన్నాడు. ప్రవాహంలో కొట్టుకొస్తున్న దుంగలు చూపించి, డబ్బు ఎంతిచ్చినా చావడం తన పని కాదన్నాడు. అప్పటికి గడువు దగ్గరపడింది. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను, తిట్టాను, మా ఊరు వస్తే జీవితాంతం సైడరు ఊరికే పోస్తానన్నాను. వాడు కదల్లేదు. కెజియా గట్టు మీద వాడి పక్కన కూర్చుంది. తన కొడుకు సంగతి చెప్పింది. గొంతు పెంచకుండా, మొదటినుంచీ, కొట్టం సంగతీ పాలేరు చెయ్యి కాలిన సంగతీ ఏదీ దాచకుండా చెప్పింది.  అంతా విని వాడు లేచి, మా బండిని కూడా ఎక్కించుకుని తాడు విప్పాడు. నది మధ్యలో ఒక దుంగ తగిలి పడవ సగం తిరిగింది, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నేను దేవుణ్ణి పిలుస్తూ బకెట్టుతో తోడాను. కెజియా పెట్టెని తల మీద పెట్టుకుని నిలబడింది.

మంగళవారం పొద్దు వాలకముందే రాజధాని చేరాం. కార్యాలయంలో గుమాస్తా పెట్టె తీసుకుని, లక్క ముద్ర చెక్కుచెదరలేదని చూసి, గడువులోనే వచ్చిందన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చోగానే కెజియా నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అసా పట్టుబడ్డాక ఆమె కన్నీళ్ళు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. "అయిపోయింది డార్కస్, చేర్చేశాను," అంది. నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రం బేకరీలో వేడి రొట్టె కొనుక్కుని, వీధిలోనే నిలబడి తిన్నాం. మళ్ళీ అంత రుచిగా నేనేమీ తినలేదు.

ఓట్లు లెక్కించే పెద్దలు పన్నెండు మంది. ఫలితం తేలేదాకా మేం అక్కడే ఉండిపోయాం. రెండో వారానికల్లా రాజధాని అంతా ఒకటే మాట. ఇద్దరూ నువ్వా నేనా అన్నట్టున్నారట. వాన్ హోర్డెన్‌కి వంద లోపే ఆధిక్యం, ఒక్క మా జిల్లా పెట్టె మాత్రం ఇంకా తెరవలేదు. అది తెరిస్తే ఎల్డ్రిడ్జ్ గవర్నరు. ఈ సంగతి మాకు తెలిసినట్టే వాన్ హోర్డెన్ మనుషులకీ తెలుసు. అప్పుడు కబురు వచ్చింది, పెట్టె తెచ్చిన మనిషిని పెద్దల ముందుకు రమ్మని.

కెజియా టోపీ సర్దుకుని వెళ్ళింది. మెచ్చుకుంటారనుకుంది పాపం. నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. పెట్టె బల్ల మధ్యలో ఉంది, మా బురద ఇంకా అంచులకి అంటుకునే ఉంది.

షెరీఫ్ ఏడని అడిగారు. కాలు విరిగిందని చెప్పింది. నిన్ను తన మనిషిగా వేసుకున్నట్టు కాగితం ఏదన్నారు. కాగితం లేదని, ఇరవై మంది ముందు తన చేతిలో పెట్టాడని, మా వైపు భూములే అలా ఇచ్చుకుంటామని చెప్పింది. బల్ల చివర ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎల్డ్రిడ్జ్ వైపు పెద్దమనిషి ఒకాయన, ఓటరు తప్పేం లేనప్పుడు మోసినవాడి తప్పుకి ఓటు ఎందుకు చావాలని గట్టిగానే వాదించాడు. ఒకరిద్దరు మెత్తబడ్డట్టు నాకు కనిపించింది. అప్పుడు అవతలివైపు నుంచి ఒక బక్క మనిషి చాలా మర్యాదగా అడిగాడు.

"అమ్మా, నీ ఇంటిపేరు మార్ష్ కదా. జూలైలో ఉరి తీయాల్సిన మార్ష్ నీకేమవుతాడు?"

"నా కొడుకండీ."

"దారిలో ఈ పెట్టె ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. రాత్రీ పగలూ నా ఒళ్ళోనే. ఒక్కరిని ముట్టుకోనివ్వలేదు."

తల ఎత్తుకుని చెప్పింది ఆ మాట.  ఆ మనిషి కూర్చుని, ఇంక నేనేం చెప్పక్కర్లేదు అన్నట్టు చేతులు కట్టుకున్నాడు. మెత్తబడ్డ ముఖాలు మళ్ళీ బిగుసుకున్నాయి. ఏడుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. పెట్టె చెల్లదన్నారు.

పక్క జిల్లా పెట్టె లక్క పగిలి, తాడు ఊడి వచ్చింది. తెచ్చినవాడు వాన్ హోర్డెన్ భార్య వైపు చుట్టం. కానీ అతని జేబులో కాగితం ఉంది, కాబట్టి ఆ ఓట్లు లెక్కపెట్టారు. ఈ సంగతి నేను ఆ గదిలో గట్టిగానే అన్నాను. నన్ను బయటికి పంపించారు. కిటికీలోంచి చూశాను. చెల్లని ఓట్లు ఉంచకూడదని చట్టమట. ఒకసారి తెరిచి చూసి అప్పుడు కాల్చమని కెజియా అడుగుతూనే ఉంది. పెట్టెతో సహా పొయ్యిలో పెట్టారు. పైన్ చెక్క కదా, తొందరగా అంటుకుంది.

ఆ తర్వాత మా వైపు మగవాళ్ళకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఊరూరా సభలు పెట్టారు, తుపాకులు తుడిచారు, వాన్ హోర్డెన్ గడ్డిబొమ్మ తగలబెట్టారు. ఎల్డ్రిడ్జ్ అందరినీ శాంతించమన్నాడు. రాష్ట్రం క్షేమం కన్నా తన పదవి గొప్పది కాదన్నాడు. పెద్దమనిషి అంటే అలా ఉండాలి అని అందరూ పొగిడారు. కెజియా ఆయన ఇంటికి వెళ్ళింది. కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు, కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. గవర్నరుకి తనే స్వయంగా రాస్తానన్నాడు, రాశాడు కూడా. వాన్ హోర్డెన్ దగ్గర ఆమెని గుమ్మం లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు దయ చూపిస్తే ఆ పెట్టె విషయంలో తను తప్పు చేశానని ఒప్పుకున్నట్టు ఉంటుందని ఆయన అన్నాడట. ఒక పిల్లవాడి ప్రాణం తన చేతిలో ఉండగా ఇలా మాట్లాడే మనిషిని ఏమనాలో నాకు తెలిసిన తిట్లు చాలవు.

ఊరికి తిరిగొచ్చాక కెజియా తిన్నగా జైలు కిటికీ దగ్గరికే వెళ్ళింది. వరద అనో ఆలస్యమైందనో చెప్పమని దారంతా నేను పోరాను. ఆమె కొడుక్కి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"నేను తీసుకెళ్ళాననే తోసేశారు నాయనా," అంది.

అసా ఆమె బురద కాళ్ళ వంక చూశాడు. తర్వాత, "ఎవరు తీసుకెళ్ళినా ఏదో ఒకటి అనేవాళ్ళేలే అమ్మా. నువ్వు కాళ్ళు కడుక్కుని కాస్త పడుకో," అన్నాడు.

అది వాడు ఆమె కోసం అన్న మాట. ముగ్గురికీ తెలుసు.

జూలై రెండో శుక్రవారం ఎండ మండిపోయింది. జిల్లా నలుమూలల నుంచీ బండ్లు కట్టుకుని వచ్చారు. పెట్టె మోయడానికి ఒక్కడూ కదల్లేదు గాని ఇది చూడటానికి పెళ్ళాం పిల్లలతో వచ్చారు. మా సత్రం నిండిపోయింది. నేను తలుపులు మూసేశాను, నాథన్ ఎంత మొత్తుకున్నా తీయలేదు. కెజియా చెయ్యి పట్టుకుని జైలు వెనక మైదానానికి వెళ్ళాను. రావద్దని ఎంతమంది చెప్పినా ఆమె వినలేదు. వాడు చివరిసారి చూసే ముఖం తనదే కావాలంది.

మా దగ్గర ఉరి వేయాల్సింది షెరీఫే. పెల్ రెండు కర్రల మీద వచ్చాడు. కాలు వంకరగా అతుక్కుంది, నిచ్చెన ఎక్కలేడు. ఎక్కగలిగినా ఎక్కేవాడు కాదేమో, మనిషి సగం అయిపోయాడు. కెజియా ముందు ఆగి టోపీ తీశాడు. పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన బదులు ఉరికంబం బల్ల మీద ఒక కొత్త మనిషి ఉన్నాడు. నది అవతలి నుంచి కూలికి వచ్చినవాడు, నల్లకోటు, ఎవరివంకా చూడటం లేదు. అసా అప్పటికే పైన ఉన్నాడు. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు.

కెజియా నా చెయ్యి వదిలించుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళింది. ఆపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. బల్ల కింద నిలబడి తల ఎత్తి ఆ మనిషిని అడిగింది.

"నువ్వు షెరీఫ్‌వి కావు కదా. ఆయన నిన్ను వేసుకున్నట్టు కాగితం ఉందా?"

పాస్టరు ఆగిపోయాడు. మైదానం అంతా ఆగిపోయింది. ఒక్క క్షణం, పిచ్చిదాన్ని, నాకు కూడా ఆశ పుట్టింది. పెల్ సంగతి నాకు తెలుసు. ఎప్పుడైనా కాగితం రాశాడా ఆయన?

ఆ మనిషి కోటు జేబులో చెయ్యి పెట్టి, మడిచిన కాగితం తీసి, వంగి ఆమెకి అందించాడు. పెల్ తల దించుకున్నాడు.

కెజియా బైబిలు పెట్టుకుని చదువు నేర్చుకున్న మనిషి, వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతుంది. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివింది. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదివింది. పెల్ సంతకం చూసింది, ఇద్దరు సాక్షుల సంతకాలు చూసింది, తేదీ చూసింది, లక్క ముద్ర మీద వేలు పెట్టి చూసింది. కాగితం వెనక్కి తిప్పి అటువైపు కూడా చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు. పైన అసా తల్లినే చూస్తున్నాడు.

నేను ఆమె పక్కకి చేరుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి డార్కస్," అంది.

కాగితాన్ని మునుపున్న మడతల మీదే మడిచి, ఆ మనిషి చేతికి తిరిగి ఇచ్చేసింది.